కలుపు గుంటక, మోచేయి ఎత్తు: సాగులో స్త్రీల శ్రమ తగ్గించే ప్రాజెక్టు డైరీ

1వ వారం

మెట్ట పైరులో కలుపు తీయడానికి వాడే తోపుడు గుంటకను స్త్రీల శరీర కొలతలకు తగినట్టు మార్చి, ఒక పంట కాలమంతా వారి చేతనే వాడించి చూడాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం. గుంటక అంటే ఇక్కడ ముందు ఒక చక్రం, వెనుక ఒక బ్లేడు, చేతికి రెండు పిడులు ఉండి, సాళ్ల మధ్య నిలబడి నెట్టుకుంటూ పోయే పనిముట్టు. మా బృందంలో నలుగురం ఉన్నాం: వ్యవసాయ విస్తరణలో, అంటే రైతులకు సాగు సలహాలు అందించే పనిలో, ఏళ్ల తరబడి ఉన్న ఇద్దరు, వెల్డింగ్ తెలిసిన ఒకరు, కొలతలు తీసి లెక్కలు రాసే బాధ్యత తీసుకున్న నేను. మాతో కలిసి పనిచేయడానికి 16 మంది స్త్రీలు ఒప్పుకున్నారు. వారిలో తొమ్మిది మంది కుటుంబపు భూమిలోనో కౌలు భూమిలోనో సాగు చేసేవారు, ఏడుగురు కూలికి వెళ్లేవారు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2011లో వెలువరించిన నివేదిక ప్రకారం అభివృద్ధి చెందుతున్న దేశాల వ్యవసాయ శ్రామికులలో సగటున 43 శాతం స్త్రీలు. విత్తనం, ఎరువు, అప్పు, పనిముట్టు వంటివి పురుషులకు అందినట్టే స్త్రీలకూ అందితే, వారు సాగు చేసే పొలాల దిగుబడి 20 నుంచి 30 శాతం పెరగగలదని ఆ నివేదిక అంచనా వేసింది. అదే సంస్థ 2023లో మళ్లీ లెక్క తీసినప్పుడు, సమాన విస్తీర్ణం గల పొలాల మధ్య కూడా స్త్రీలు నడిపేవాటిలో ఉత్పాదకత 24 శాతం తక్కువగా ఉందని తేలింది. ఈ అంతరానికి భూమి హక్కు మొదలుకొని సలహాదారు ఎవరి ఇంటి గుమ్మం తొక్కుతాడన్న దాని వరకు ఎన్నో కారణాలు ఉన్నాయి. వాటన్నిటినీ మేం కదిలించలేం. పనిముట్టు మాత్రం మా చేతిలో ఉన్న విషయం.

మొదటి రోజునే ఒక పాఠం నేర్చుకున్నాను. ‘మీరు ఏం పని చేస్తారు?’ అని అడిగితే పదకొండు మంది ‘ఇంట్లోనే ఉంటాను, పొలానికి సాయం పోతుంటాను’ అన్నారు. మర్నాడు ఆ ప్రశ్నను పక్కన పెట్టి, గడచిన పంటలో విత్తనం బాగుచేసింది ఎవరు, విత్తింది ఎవరు, ఎరువు చల్లింది ఎవరు, కలుపు, కోత, తూర్పార, ఆరబోత, పశువుల మేత, పేడ ఎత్తడం ఎవరి పనులు అని ఒక్కొక్కటిగా అడిగాను. ముందురోజు ‘సాయం’ అన్న వారే దాదాపు ప్రతి పనికీ తమ పేరు చెప్పారు. దున్నకం, మందు పిచికారీ, అమ్మకం మాత్రం చాలా ఇళ్లలో పురుషులవి. అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల 19వ సదస్సు 2013లోనే, వేతనం కోసం చేసినా సొంత వాడకం కోసం చేసినా వస్తువును గానీ సేవను గానీ ఉత్పత్తి చేసే శ్రమ అంతా పనేనని నిర్వచించింది. ఆ నిర్వచనం నాకు చాలాకాలంగా తెలుసు. అయినా నా మొదటి ప్రశ్నలో అది లేకపోయింది.

2, 3 వారాలు

చదవడం, రాయడం అలవాటు లేనివారు కూడా సొంతంగా నింపుకోగలిగేలా బొమ్మల కాగితం తయారు చేశాం. ఒక్కో పనికి ఒక్కో బొమ్మ, ఒక్కో గంటకు ఒక్కో గడి. మొదటి నమూనాలో గంటకు ఒక్క గడే పెట్టడం వల్ల పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని విత్తనం ఏరే స్త్రీ ఏదో ఒక పనినే ఎంచుకోవలసి వచ్చింది. ఆమె విత్తనం గుర్తు పెట్టింది, పిల్లవాడు లెక్కలోంచి జారిపోయాడు. రెండో నమూనాలో ప్రతి గంటకూ పై గడి, కింది గడి ఇచ్చాం.

రెండు వారాల కాగితాలు కూడితే పొలంలో గడిచిన వేళలో అన్నిటికంటే పెద్ద వాటా కలుపు తీతదే. ఇది ఊహించినదే. ఊహించనిది దాని తీరు. పైరు వయసులో మొదటి మూడో వంతు కాలంలో కలుపు పెరిగితే జరిగే నష్టం ఆ తర్వాత ఎంత శ్రమించినా పూడదు. కాబట్టి ఆ పని వాయిదాకు లొంగదు. అందరి పొలాల్లోనూ ఒకే వారంలో ముంచుకొస్తుంది. ఆ వారంలో ఇంటి పని తగ్గదు. తెల్లవారక ముందు గడులు, చీకటి పడ్డాక గడులు నిండిపోయి, నిద్ర గడులు చెరో వైపు నుంచి కుదించుకుపోవడం కాగితం మీద కంటికి కనిపించింది. కలుపు తీతనే పట్టుకోవాలన్న నిర్ణయానికి మేం అలా వచ్చాం.

4వ వారం

ఈ వారమంతా కొలతలే. నిలువెత్తు, నిటారుగా నిలబడి మోచేయి వంచినప్పుడు నేల నుంచి మోచేయి ఎత్తు, రెండు మోచేతుల మధ్య వెడల్పు, అరచేతి వెడల్పు, పట్టు వ్యాసం. చివరి దానికి ఒక సులువైన ఉపాయం ఉంది. పైకి పోనుపోను సన్నబడే కర్ర శంకువును చేయించి, దాని మీద మిల్లీమీటర్ల గీతలు పెట్టాం. బొటనవేలి కొస, మధ్యవేలి కొస ఒకదానికొకటి తాకే చోట గీత చదివితే సరిపోతుంది.

మా 16 మందిలో నిలువెత్తు 143 నుంచి 161 సెంటీమీటర్లు, మోచేయి ఎత్తు 90 నుంచి 102 సెంటీమీటర్లు. మాకు దొరికిన గుంటకకు పిడి ఎత్తు 105 సెంటీమీటర్ల వద్ద వెల్డు చేసి ఉంది, మార్చడానికి వీలు లేదు. పిడి మందం 4 సెంటీమీటర్లు, పిడుల మధ్య ఎడం 60 సెంటీమీటర్లు, మొత్తం బరువు 8 కిలోలు. అంటే ఆ గుంటక మా వాళ్లలో అందరికంటే పొడవైన ఆమెకు కూడా మోచేతి కంటే ఎత్తులోనే ఉంది. నెట్టే పనిముట్టు పిడి మోచేతికి సమానంగా గాని, కాస్త దిగువన గాని ఉంటే దేహం బరువు నెట్టడానికి తోడ్పడుతుంది. అంతకంటే ఎత్తయితే ఒళ్లు ముందుకు వాలదు, భారమంతా భుజాల మీద, మణికట్ల మీద పడుతుంది. స్త్రీల పట్టు బలం సగటున పురుషుల దానిలో మూడింట రెండు వంతుల లోపే ఉంటుంది కనుక లావాటి పిడిని పట్టుకుని ఉంచడానికే బలం ఖర్చయిపోతుంది.

ఆ గుంటకను తయారు చేసినవారు కావాలని స్త్రీలను విస్మరించారని నేను అనుకోను. వారి ముందు నిలబడి వాడి చూపించినవాడు పురుషుడు అయి ఉంటాడు, అంతే. కానీ ‘అంతే’ అనుకున్న ఇటువంటి విషయాలే నడుముల్లో నొప్పిగా మిగులుతాయి. కాలిఫోర్నియా పొలాల్లో దశాబ్దాల పాటు కూలీలు జానెడు, రెండు జానల పిడి ఉన్న పొట్టి పారతో రోజంతా వంగి పనిచేశారు. వెన్ను దెబ్బతింటున్నదని వైద్యులు, కార్మికులు పోరాడిన తర్వాత 1975లో ఆ పారను అక్కడ నిషేధించారు. పైరుకు జరుగుతుందన్న నష్టమేమీ జరగలేదు. పిడి పొడవు చిన్న విషయం కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

5వ వారం

మొదటి మార్పు పిడి. గొట్టంలో గొట్టం దూరేలా చేసి, 3 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఐదు రంధ్రాలు పెట్టి, 87 నుంచి 99 సెంటీమీటర్ల వరకు ఎత్తు మార్చుకునే వీలు కల్పించాం. పట్టుకునే చోట 32 మిల్లీమీటర్ల గొట్టం, దాని మీద రబ్బరు తొడుగు. పిడుల మధ్య ఎడం 60 నుంచి 46 సెంటీమీటర్లకు తగ్గింది.

ఎత్తును బిగించడానికి చేతితో తిప్పే రెక్కల నట్టు వాడాం. అది తప్పు. నెట్టి లాగే కుదుపుకు అరగంటలో వదులైంది, ఇద్దరి బట్టలు దాని రెక్కలకు తగులుకుని చిరిగాయి. మూడో రోజున నట్టు తీసేసి, రంధ్రంలో దూర్చే చీల, దాని కొసకు తీగ కొక్కెం పెట్టాం. పనిముట్లు ఏవీ లేకుండా పొలంలోనే ఎత్తు మార్చుకోవడం ఇప్పుడు కుదురుతోంది.

6, 7 వారాలు

బరువు దగ్గర నా అంచనా పూర్తిగా తలకిందులైంది. తేలిక చేస్తే అంతా మేలేనని తలచి, నిండు ఇనుప చక్రం బదులు సన్నని పట్టీ చక్రం వేసి, చట్రంలో ఒక అడ్డకమ్మీ తీసేసి, 8 కిలోలను 6 కిలోలకు తెచ్చాం. గట్టు దాటించడానికి, పొలానికి మోసుకుపోవడానికి అందరికీ నచ్చింది. నేలలో దింపగానే బ్లేడు మట్టిలోకి దిగలేదు. పైపైన గీరుకుంటూ పోయింది. దిగడానికి పిడిని కిందికి అదిమి నెట్టవలసి వచ్చింది. అంటే మేం తగ్గించిన రెండు కిలోల పనిని ఆ స్త్రీల మణికట్లు చేశాయి.

బరువు మళ్లీ పెంచాలా అని ఒక పూట తర్జనభర్జన జరిగింది. ఆ పూట సమస్యను విప్పింది మా నలుగురిలో ఎవరూ కాదు. అరవై ఏళ్లు దాటిన ఒక కూలీ స్త్రీ బ్లేడును వేలితో తడిమి, ‘కొడవలికి పదును పెట్టకుండా కోతకు పోతామా?’ అని అడిగింది. మేం బ్లేడును దుకాణం నుంచి వచ్చినది వచ్చినట్టే బిగించాం. దానిని సాన పట్టి, వంపు కోణాన్ని కొద్దిగా పెంచి, వెడల్పును 15 సెంటీమీటర్ల నుంచి 12కు తగ్గించాం. స్ప్రింగ్ త్రాసును చట్రానికి కట్టి ఒకే తేమలో ఉన్న నేల మీద లాగి చూస్తే, లాగడానికి కావలసిన బలం పాత బ్లేడుతో పోలిస్తే నాలుగో వంతుకు పైగా తగ్గింది.

వెడల్పు తగ్గితే కొన్ని సాళ్ల మధ్య రెండుసార్లు తిరగాలి. నాకు అది వృథా నడకగా తోచింది. వాడిన వారిలో పదమూడు మంది మాత్రం ఒక్కసారి ఆయాసపడి నెట్టడం కంటే రెండుసార్లు తీరుబడిగా నెట్టడమే మేలన్నారు. వారి మాటే నిలబెట్టాం.

నేల పదును, అంటే తేమ, సంగతి ఇక్కడే రాసుకోవాలి. వాన కురిసిన మర్నాడు బురద చక్రానికి చుట్టుకుంటుంది. వారం దాటి ఎండితే గడ్డలు లేస్తాయి. కలుపు రెండు, మూడు ఆకుల దశలో, నేల అరచేతిలో నలిపితే పొడి పొడిగా రాలే పదునులో ఉన్నప్పుడు మాత్రమే గుంటక గుంటకలా పనిచేస్తుంది. మొక్కకూ మొక్కకూ మధ్య ఉన్న కలుపును ఇది తీయలేదు. దానికి చెయ్యే దిక్కు.

8వ వారం

వానలు. పని లేదు. చీలల కొక్కేలకు తుప్పు పట్టకుండా నూనె పూశాం.

9వ వారం

గుంటక శ్రమను నిజంగా తగ్గించిందా అన్నది మాటల్లో కాక కొలతల్లో చూడాలనుకున్నాం. పని మొదలుపెట్టే ముందు, 20 నిమిషాలు పనిచేసిన వెంటనే నాడి లెక్కపెట్టాం. దాంతోపాటు దేహపు బొమ్మ ఒకటి ఇచ్చి, నొప్పి ఉన్న చోట గింజలు పెట్టమన్నాం: నొప్పి లేకుంటే ఏమీ వద్దు, భరించలేనంత ఉంటే ఐదు. కార్లెట్, బిషప్ అనే పరిశోధకులు 1976లో ప్రతిపాదించిన పద్ధతికి ఇది మా వీలును బట్టి చేసుకున్న సులువు రూపం.

ఫలితం చూసి మొదట కంగారుపడ్డాను. గొంతుక్కూర్చుని చేత్తో కలుపు తీసినప్పటి కంటే గుంటక నెట్టినప్పుడే నాడి వేగంగా కొట్టుకుంది. నిలబడి నెట్టే పనికి కాళ్లు, భుజాలు, వీపు కండరాలన్నీ కదులుతాయి కనుక అది సహజమేనని, పోల్చవలసింది నిమిషానికి కాక పూర్తయిన విస్తీర్ణానికి అని తర్వాత స్థిమితంగా ఆలోచిస్తే అర్థమైంది. చేత్తో ఒక పూట పట్టే మడిని గుంటకతో గంటన్నర లోపు ముగించగలుగుతున్నారు. గింజల లెక్కలో మోకాళ్ల మీద, నడుము మీద గింజలు బాగా తగ్గి, భుజాల మీద కొన్ని కొత్తగా చేరాయి. కాబట్టి ‘శ్రమ తగ్గింది’ అని ఒక్క మాటలో రాయడం సరికాదు. నొప్పి చోటు మారింది, పని వేళ తగ్గింది, ఊపిరి మాత్రం ఎక్కువ పడుతోంది. 20 నిమిషాలకు ఒకసారి ఐదు నిమిషాల విరామం తప్పనిసరి అని పద్ధతిలో చేర్చాం. గర్భంతో ఉన్న ఒకామెను నెట్టే పనికి దూరంగా ఉంచాం. ఆమెకు కొలతలు రాసే పని ఇచ్చి, మిగతావారితో సమానంగా రోజులు లెక్కగట్టాం.

10వ వారం

సాగుదారుల ఇళ్లకు ఇచ్చిన గుంటకల్లో నాలుగింటిని ఈ వారం పురుషులు నెడుతూ కనిపించారు. పిడి చివరి రంధ్రానికి జరిగి ఉంది, అంతకు మించి ఎత్తు లేక వారు వంగి నెడుతున్నారు.

ఆర్థికవేత్త ఎస్తర్ బోసరప్ 1970లోనే ఈ సంగతిని ఎత్తి చూపారు: తొలిక, పార వంటి చేతి పనిముట్లతో సాగే వ్యవసాయంలో స్త్రీల పాలు ఎక్కువ, నాగలి వచ్చిన చోట పొలం పురుషుడి చేతికి మారుతుంది. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా అదే జరుగుతున్నదని ఆ తర్వాత ఎందరో గమనించారు. కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు గానీ, బాధ కలిగింది. మొదటి శిక్షణను అందరికీ ఒకేసారి పెట్టింది మేమే. ముందు వరుసలో నిలబడి పిడి అందుకున్నవారికే అది అలవాటైంది.

అయితే ఆ నాలుగు ఇళ్ల కథ ఒకటి కాదు. రెండు ఇళ్లలో భర్త కలుపు పని పంచుకున్నందుకు ఆమెకు సంతోషంగానే ఉంది. పెళ్లయిన తర్వాత ఈ పనిలో ఆయన చేయి వేయడం ఇదే మొదటిసారి అని ఒకామె చెప్పింది. మూడో ఇంట్లో ఆయన సాళ్ల మధ్య గంటసేపు నెట్టి వెళ్లిపోయాడు, మొక్కల మధ్య మిగిలినది ఆమె రెండు రోజులు కూర్చుని తీసింది. నాలుగో ఇంట్లో గుంటకను అడగకుండానే బంధువుకు ఇచ్చేశారు. ఎవరు నెట్టారన్నది ఒక్కటే రాసుకుంటే ఈ నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని ఎప్పుడు వాడాలో, ఎవరికి ఇవ్వాలో ఎవరు నిర్ణయించారు, మిగిలిన వేళ ఎవరికి దక్కింది అనే రెండు గడులు కాగితంలో కలిపాం.

11వ వారం

ఈ వారం రాయవలసింది ఎక్కువ, రాయడం కష్టం.

కూలికి వెళ్లే ఏడుగురిలో ముగ్గురు సాయంత్రం వచ్చి మా ముందు కూర్చున్నారు. బ్లేడుకు పదును పెట్టమని చెప్పిన పెద్దావిడ నిదానంగా అంది: ‘గుంటక బాగుంది, కాదనం. మీరు ఇది ఇచ్చిన పొలాలకు మమ్మల్ని పిలవడం మానేశారు. మోకాళ్ల నొప్పి తగ్గింది గానీ, పని దినాలూ తగ్గాయి. ఇప్పుడు మేమేం చేయాలమ్మా?’

నా దగ్గర జవాబు లేదు. మొదటి వారంలో సాగుదారులను, కూలీలను ‘మహిళలు’ అనే ఒకే జాబితాలో రాశాను. కలుపు వేళ తగ్గడం సాగుదారుకు విశ్రాంతి, కూలీకి పస్తు. ఒకే పనిముట్టు ఒక స్త్రీ వెన్నుకు చేసిన మేలు మరో స్త్రీ పొట్ట మీద పడుతుందని ముందుగా ఆలోచించకపోవడం నా పొరపాటు. కలుపు మందుల రాకతో కూడా ఇదే జరిగిందని, అప్పుడు తమను ఎవరూ ఏమీ అడగలేదని వారిలో మరొకామె చెప్పింది. శ్రమ తగ్గించే పనిముట్ల గురించి ఎంత చదివినా, ఆ తగ్గిన శ్రమకు ఇంతకుముందు కూలి అందుకున్నది ఎవరన్న ప్రశ్నను మేం ఒక్కసారీ వేసుకోలేదు.

ఆ ఏడుగురి పని దినాలను కిందటి పంటలో ఇదే దశతో పోల్చి రాయడం మొదలుపెట్టాం. ఆ లెక్క పూర్తయ్యే వరకు కొత్త గుంటకలు చేయడం ఆపేశాం.

12 నుంచి 14 వారాలు

మూడు వారాల్లో ఐదుసార్లు కూర్చున్నాం. మొదటి రెండు కూటములను సాయంత్రం పెట్టడం వల్ల చిన్న పిల్లలున్నవారు రాలేకపోయారు. మిగతావి మధ్యాహ్నపు విరామానికి మార్చాం. చివరకు కూలీ స్త్రీలే ఒక దారి చెప్పారు. గుంటకలు పొలం ఉన్నవారి దగ్గర కాక తమ దగ్గర ఉండాలి, పనిముట్టుతో సహా తామే పనికి రావాలి, కూలిని రోజును బట్టి కాక కలుపు తీసిన విస్తీర్ణాన్ని బట్టి లెక్కగట్టాలి. మిగిలిన నాలుగు గుంటకలను ఆ ఏడుగురి ఉమ్మడి సొత్తుగా రాసి, ఎవరు ఏ రోజు తీసుకున్నారో గుర్తు పెట్టే పుస్తకాన్ని వారి దగ్గరే ఉంచాం.

పొలం ఉన్నవారు మొదట ఒప్పుకోలేదు. గంటన్నరలో అయ్యే పనికి పూట కూలి ఎందుకివ్వాలని అడిగారు. దీనికి ఒక స్త్రీ ఇచ్చిన సమాధానాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను: ‘ట్రాక్టరు అరగంటలో దున్నిపోతుంది. దానికి అరగంట కూలే ఇస్తున్నారా?’ దున్నకానికి విస్తీర్ణాన్ని బట్టి, కలుపుకు రోజును బట్టి కూలి కట్టే అలవాటు ఎలా వచ్చిందో అంతవరకు ఎవరూ ఆలోచించలేదు. సమాన విలువ గల పనికి స్త్రీ పురుషులకు సమాన వేతనం ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒప్పందం చెప్పి 1951 నుంచి ఇన్నేళ్లయింది. ఇక్కడ ‘ఒకే పని’ అని కాక ‘సమాన విలువ గల పని’ అన్న మాట ముఖ్యం, ఎందుకంటే పొలంలో స్త్రీలవి, పురుషులవి అని పనులు వేరుగా విడిపోయి ఉంటాయి. ఒకే పనిని పోల్చి చూసే అవకాశమే తక్కువ. వ్యవసాయంలో వేతనానికి పనిచేసే పురుషుడికి 100 అందితే స్త్రీకి 82 అందుతున్నదన్న 2023 నాటి లెక్క వెనుక ఇటువంటి విభజన పాత్ర కూడా ఉంది.

రెండు పొలాల యజమానులు విస్తీర్ణం పద్ధతికి ఒప్పుకున్నారు. ఇద్దరూ స్త్రీలే, మా తొమ్మిది మందిలోని వారే. మిగతావారు చూద్దామన్నారు.

17వ వారం

రెండో కలుపు ముగిసింది. ఏడుగురి పని దినాల లెక్క వచ్చింది: కిందటి పంట కంటే తక్కువే. విస్తీర్ణం లెక్కన అందిన కూలి వల్ల నలుగురికి లోటు పూడింది, ముగ్గురికి పూడలేదు. ఆ ముగ్గురూ వయసులో పెద్దవారు. గుంటక నెట్టే బలం లేక మొక్కల మధ్య చేతి కలుపుకే పరిమితమైనవారు. పెద్దావిడ వారిలో ఒకరు. విస్తీర్ణం కూలిలో నెట్టేవారి వాటా, చేత్తో తీసేవారి వాటా ఎంతెంత ఉండాలన్న చర్చ వారిలో వారికి ఇంకా తెగలేదు. అందులో మేం తలదూర్చకూడదని నిశ్చయించుకున్నాం.

సాగుదారుల బొమ్మల కాగితాలు కూడా మళ్లీ నింపించాం. వ్యవసాయంలో స్త్రీల సాధికారతను కొలవడానికి 2012లో వచ్చిన అంతర్జాతీయ సూచికలో రోజుకు పదిన్నర గంటలు దాటిన పనిని అధిక భారంగా పరిగణిస్తారు. అందులో సంపాదన పనితోపాటు ఇంటి పని కూడా కలుస్తుంది. కలుపు కాలంలో మొదట తొమ్మిది మందీ ఆ హద్దు దాటి ఉన్నారు. ఇప్పుడు ఆరుగురు దాటారు. కలుపులో మిగిలిన వేళ ఎక్కడికి పోయిందో గడి గడి చూస్తే, పెద్ద భాగం పశువుల మేతకు, నీళ్లకు, వంటకు వెళ్లింది. ఒకామె మాత్రం మధ్యాహ్నం గడిలో మా దగ్గర లేని బొమ్మ తానే గీసింది: కళ్లు మూసుకుని పడుకున్న మనిషి. విశ్రాంతికి బొమ్మ పెట్టాలన్న ఆలోచన మాకు తట్టనేలేదు. దానిని ఇప్పుడు కాగితంలో చేర్చాం.

20వ వారం

కోతలు దగ్గరపడ్డాయి, గుంటకలు చూరు కిందికి చేరాయి. చేసినవి ఎనిమిది, ఆరు బాగున్నాయి, ఒకదానికి చక్రపు బుష్ అరిగింది, ఒకటి బంధువు ఇంటి నుంచి ఇంకా తిరిగి రాలేదు. బుష్ ఇంత త్వరగా అరగడానికి కారణం దుమ్ము. రెండు వైపులా తోలు వాషర్లు వేసి చూడాలి. పిడి రంధ్రాల్లో అందరూ ఎక్కువగా వాడినవి రెండోది, మూడోది. ఐదో రంధ్రం పురుషులకే పనికొచ్చింది. వచ్చే పంటకు దాన్ని తీసేయాలని మా వెల్డర్ అన్నాడు. అలా తీసేస్తే పని పంచుకున్న ఆ ఇద్దరు భర్తలు నడుము మరింత వంచి నెట్టవలసి వస్తుంది కనుక ఉంచడమే మంచిదని నేనన్నాను. సాగుదారుల్లో ఒకామె ఐదో రంధ్రం ఉండనిచ్చి, కింద 84 సెంటీమీటర్ల దగ్గర ఇంకొకటి కలపమంది. తన కూతురు కూడా నెట్టాలనుకుంటోందట. ఆ అమ్మాయి వయసు ఎంతని అడిగాను. పదమూడు అని చెప్పింది. ఆ రంధ్రం వేయలేమని, బడి ఈడు పిల్లలను ఈ పనిలోకి తెచ్చే మార్పు ఏదీ చేయమని ఆమెకు వివరంగా చెప్పాం. ఆమె కాసేపు ఆలోచించి, అయితే కూతురికి గుంటక బదులు, గుంటకలు ఎవరు ఏ రోజు తీసుకున్నారో గుర్తు పెట్టే ఆ పుస్తకం రాయడం నేర్పించమని అడిగింది. బడి లేని రోజున, గంటకు మించకుండా నేర్పడానికి ఒప్పుకున్నాం.

వచ్చే పంటకు ముందు చేయవలసినవి: శిక్షణ మొదట స్త్రీలకు వేరుగా, కూలీల ప్రతినిధి ఇద్దరు మా బృందంలో, కొత్త గుంటక ఏ పొలానికి ఇచ్చినా, కిందటి పంటలో అక్కడ కలుపు తీసినది ఎవరో ముందు రాసుకోవడం, 12 సెంటీమీటర్ల బ్లేడుకు సాన పట్టే రాయి ప్రతి గుంటకతో పాటు ఒకటి.